పట్టా దొరికిన అక్షరాలు

2012లో మా వైపు మాటలు కొన్ని పోగుచేసి చిన్న పుస్తకంగా వేద్దామని కరీంనగర్‌లో ఒక డీటీపీ దుకాణం మెట్లెక్కాను. పెళ్ళిపత్రికలు, పెద్దకర్మ కార్డులు, వార్డు ఎన్నికల కరపత్రాలు అచ్చుకు తయారయ్యే దుకాణం అది. నా రాతప్రతిలో కొన్ని మాటల మీద, చ నెత్తిన పెన్సిలుతో చిన్న 2 అంకె వేసుకున్నాను. కీబోర్డు ముందున్న కుర్రాడు కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"సార్, గీ చ మీద రెండేంది? తప్పు దిద్దిండ్రా?"

"తప్పు కాదు బిడ్డా, అదొక అక్షరం. మజ్జిగను మీ ఇంట్ల ఏమంటరు?"

"సల్ల" అన్నాడు. మళ్ళీ నెమ్మదిగా అని చూసుకున్నాడు. "ౘల్ల." నవ్వాడు. "నోట్లె ఉన్నది గని కీబోర్డుల లేదు సార్."

ఆ కుర్రాడు తెలివైనవాడు. మామూలు చ కొట్టి, విడిగా ఒక చిన్న పెట్టెలో 2 అంకె కొట్టి, దాన్ని మౌసుతో లాక్కొచ్చి చ తలమీద కూర్చోబెట్టాడు. అలా ఓ అరవై చోట్ల. ప్రూఫు ముచ్చటగా వచ్చింది. నేనే ఆగలేక ముందుమాటలో ఒక వాక్యం కలిపాను. దాంతో పుస్తకమంతా ఒక వరస కిందికి జరిగింది. చలన్నీ జరిగాయి, 2లు మాత్రం ఎక్కడివక్కడ ఉండిపోయాయి. రేగడి మీద ఒక 2, మేనమామ మీద ఒక 2, ఖాళీ జాగాలో ఒక 2. అట్లనే అచ్చయింది.

నాకు తర్వాతెప్పుడో తెలిసిన సంగతి ఏమిటంటే, అప్పటికి నాలుగేళ్ళ ముందే, 2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఆ అక్షరానికి చోటు దొరికింది. దంత్య చకారానికి 0సి58, దంత్య జకారానికి 0సి59. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకున్న సంఖ్యలవి. నా పుస్తకానికి మాత్రం ఏ ప్రయోజనమూ లేకపోయింది. ఆ దుకాణంలో వాడే ఫాంటు పాతకాలపుది, యూనికోడ్‌తో దానికి సంబంధమే లేదు. ఉన్నా ఆ ఫాంటు గీసినాయన ఆ అక్షరం గీయలేదు. గీసినా కీబోర్డులో అది ఏ మీట కిందా లేదు.

మా ఉత్తర తెలంగాణలో భూమికి రెండు రకాల తిప్పలుంటాయి. పోడు కొట్టుకుని తరాలుగా సాగు చేస్తున్నా పట్టా లేనివాళ్ళు ఒకరు. పట్టా కాగితం ఉండి, నేల ఎక్కడుందో తెలియనివాళ్ళు ఇంకొకరు. కంప్యూటర్లలో అక్షరాల స్థితి కూడా నాకు ఈ రెండు రకాలుగానే కనిపిస్తుంది. అక్షరానికి కోడు దొరికిందనే వార్త రాగానే పండగ చేసుకోవడం మనకు అలవాటైంది. కోడు పట్టా మాత్రమే. సాగు సంగతి వేరే చూసుకోవాలి. కరీంనగర్, ఆదిలాబాద్‌ల మధ్య తిరిగితే ఈ తేడాకు సాక్ష్యాలు బండమీద, రాతప్రతిలో, నాలుక మీద, ఫోనులో ఎదురవుతాయి.

ముందు ఈ పట్టా ఎలా ఇస్తారో చెప్పుకోవాలి. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. క అంటే ఫలానా సంఖ్య అని అందరూ ఒక్కమాట మీదికి రాకపోతే ఒకరు పంపిన క ఇంకొకరికి ఇంకేదోగా కనపడుతుంది. యూనికోడ్ ముందటి రోజుల్లో జరిగింది అదే. ఒక ఫాంటులో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట ఇంగ్లిషు అక్షరాల చెత్తకుప్పగా తేలేది. యూనికోడ్‌లో తెలుగుకు 128 గదుల పేట ఒకటి కేటాయించారు. పదహారు లెక్కన 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. ఆ గదుల వరస మన వరస కాదు. 1980లలో భారతీయ భాషలన్నిటికీ కలిపి మన ప్రభుత్వం చేసిన ఇస్కీ అనే ఏర్పాటు నుంచి వచ్చింది. నాగరి లిపిలో క, అదే పదహారు లెక్కన, 15 అనే నంబరు గదిలో ఉంటే తెలుగు క కూడా తన పేటలో 15 అనే నంబరు గదిలోనే ఉండాలి. నాగరిలో ఉండి తెలుగులో లేని అక్షరమైతే ఆ గది తాళం వేసి ఉంచారు.

ఆ తాళాల్లో ఒకదాని కథ చెప్పి తీరాలి. 0సి34. నాగరిలో, మలయాళంలో, తమిళంలో ఆ వరసకు ఒకే ధ్వని ఉంది, తమిళులు తమ భాష పేరు చివర పలికే ఆ ళకారంలాంటిది. తెలుగుకు అక్కర్లేదని గది ఖాళీగా వదిలారు. కానీ రాయలసీమలో రేనాటి చోళుల శాసనాల్లో ఆ అక్షరం నిక్షేపంగా ఉంది. వాళ్ళు తమను చోళులని రాసుకోలేదు, చోఴులని రాసుకున్నారు. శాసనాలు చదివేవాళ్ళు, భాషా చరిత్రకారులు ఆధారాలతో అడగ్గా 2014లో యూనికోడ్ 7.0 ఆ గది తలుపు తీసింది. ఎవరి కోసమో ముందే కట్టి ఉంచినట్టు, వెయ్యేళ్ళ కింద పోయిన అక్షరం వచ్చి తన గదిలోనే చేరింది. మరుసటేడు యూనికోడ్ 8.0లో శాసనాల కాలానిదే ఇంకో అక్షరం, ౚ, 0సి5ఎ దగ్గర చేరింది. 2021లో పొల్లు నకారం ౝ వచ్చింది. పాత పుస్తకాల్లో మాట చివర తోక తిప్పుకుని కనపడే ఆ న్, మా తాతల తరం చేతిరాతలో మామూలు విషయం.

ఇదే అక్షరం విషయంలో కన్నడిగులకు జరిగింది వింటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వాళ్ళ ఴకారానికి మొదట్లోనే చోటు దొరికింది. కానీ పట్టిక రాసినవాళ్ళు దాన్ని పొరబడి ఫ అనే పేరుతో నమోదు చేశారు. యూనికోడ్ నియమం ప్రకారం ఒకసారి ఇచ్చిన సంఖ్యా మారదు, పేరూ మారదు. తప్పని అందరికీ తెలుసు, పక్కన దిద్దుబాటు పేరు కూడా చేర్చారు, అసలు పేరు మాత్రం అలాగే ఉంది. తహసీల్ ఆఫీసులో పేరు తప్పు పడ్డ పాసుపుస్తకం తిప్పలు తెలిసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

కన్నడం మాట వచ్చింది కాబట్టి గంగాధర దగ్గరి కురిక్యాలకు పోదాం. అక్కడి బొమ్మలగుట్ట మీద జైన చక్రేశ్వరి బొమ్మ కింద క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం ఉంది. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. అన్నకు ఆశ్రయమిచ్చిన వేములవాడ చాళుక్యుల రాజ్యం అది. ఒకే బండమీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు, నన్నయకు నూరేళ్ళ ముందటివి. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా రావడానికి చెప్పుకున్న ఆధారాల్లో ఈ బండ పేరు పదేపదే వినిపించింది. నాకు ఆ బండ ముందు నిలబడితే పుట్టే ప్రశ్న వేరు. ఆ రోజుల్లో తెలుగుకు, కన్నడానికి లిపి ఒకటే. ఉలి పట్టినవాడు కన్నడ పద్యం చెక్కి, అదే చేత్తో, అదే అక్షరాలతో తెలుగు పద్యం చెక్కాడు. ఇవాళ ఆ పాఠాన్ని కంప్యూటరులో ఎక్కించాలంటే ఒక భాగాన్ని 0సి00 పేటలో, ఇంకో భాగాన్ని 0సి80 పేటలో పెట్టాలి. ఒకటే క రెండు సంఖ్యలవుతుంది. ఉమ్మడి లిపికి ఉమ్మడిగా చోటు లేదు. అన్నదమ్ములు విడిపోయాక పాత ఇంటి ఫొటోను చెరిసగం చింపుకున్నట్టుంది ఈ పని. అంతకంటే పాతదైన బ్రాహ్మికి ఈ ఇబ్బంది లేదు. 2010లో యూనికోడ్ 6.0 దానికి వేరే పేట ఇచ్చింది. కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల మీది అక్షరాలను ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టు కొట్టుకోవచ్చు.

ఱ గురించి రెండు ముక్కలు చాలు. దానికి మొదటినుంచీ కోడుంది, ఫాంట్లలో ఉంది, కీబోర్డులోనూ ఉంది. జినవల్లభుని నాటి కవులు ర, ఱలను ప్రాసలో కలిపేవారు కాదు. తర్వాత్తర్వాత నోట్లో రెండూ ఒకటయ్యాయి, బడి పుస్తకం ఱను తీసేసింది. అన్ని సదుపాయాలూ ఉండి వాడుక పోయిన అక్షరం అది. దాని నష్టం ఇప్పుడు ఇంకో చోట తేలుతోంది. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఎక్కిస్తే వాటిలో గుఱ్ఱం ఉంటుంది, మనం గుర్రమని వెతుకుతాం. యంత్రానికి ఈ రెండూ వేరు వేరు జంతువులు.

ఇక ౘ, ౙల దగ్గర కాస్త ఆగాలి. ఇవి పోయిన ధ్వనులు కావు. కరీంనగర్ అంగట్లో నిలబడి పది నిమిషాలు వింటే వందసార్లు చెవిన పడతాయి. ౘలి, ౘుట్టం, ౘూరు, ౙొన్న, ౙడ, ౙాడ. చింత, చెరువు, జీడి, జిల్లేడులో పలికేవి వేరు. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు దంత్యం అని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే లెక్క తేల్చాడు. తెలుగుకు ఆయన చెప్పిన ముప్పైఆరు వర్ణాల్లో ౘ, ౙలు వేరుగా ఉన్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఈ లెక్కకు లొంగవు. అన్నంలో పోసుకునేది ౘారు, కావ్యంలో అందమైనది చారు. రాసినప్పుడు రెండూ ఒకటే.

ఆదిలాబాద్ దాటి మరాఠీ సీమలోకి పోతే అక్కడా ఇదే కథ. మరాఠీవాళ్ళకూ చలో రెండు ధ్వనులు, అక్షరం ఒకటే. చంద్రపూర్ నుంచి మంచిర్యాల దాకా రైలు పెట్టెలో భాషలు మారినా ఈ దంత్యం మాత్రం దిగిపోకుండా వస్తుంది.

మరి ఇంతమంది నోట్లో ఉన్న అక్షరాన్ని ఎవరూ ఎందుకు రాయరు? నేను చాలాకాలం దీన్ని అన్యాయమనుకున్నాను. ఇప్పుడనుకోవడం లేదు. తెలుగు పుట్టుకతో వచ్చినవాడికి ఆ గుర్తు అక్కర్లేదు. చలి అని రాసినా చదివేటప్పుడు నాలుక పళ్ళను తాకే తీరుతుంది. గుర్తు కావలసింది బయటివాడికి, నిఘంటువు రాసేవాడికి, వ్యాకర్తకు. బ్రౌను లాంటి వాళ్ళ చేతుల్లో ఈ గుర్తులు బతికాయి. యూనికోడ్‌కు కావలసిన రుజువు కూడా ఆ అచ్చు పుస్తకాల నుంచే వచ్చింది. జనం పలకడం రుజువు కాదు, ఎవరో ఒకరు రాసి ఉండటమే రుజువు. ఇది యూనికోడ్‌వారి పద్ధతి, అది సబబే. పలికే ప్రతి ధ్వనికీ సంఖ్య ఇచ్చుకుంటూ పోతే అంతుండదు.

అయితే మా వైపు రాతలో ఇంకో సంగతి జరుగుతోంది, దాన్ని పండితులు పెద్దగా పట్టించుకోరు. దంత్య చకారం మా పల్లెల్లో స వైపు జారింది. సల్ల, సదువు, సూసిన, సుట్టపోళ్ళు. తెలంగాణ సినిమా పాటలు, కథలు, వాట్సాప్ సందేశాలు అన్నీ ఇప్పుడు ఈ సతోనే రాస్తున్నారు. అంటే జనం తమ ఉచ్చారణను రాతలోకి తెచ్చుకున్నారు. 0సి58 తలుపు తట్టలేదు, చేతికందిన స తీసుకున్నారు. కోడు ఇచ్చిన పదిహేనేళ్ళలో ఆ అక్షరాన్ని మామూలు ఉత్తరంలో వాడిన మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు, నేను తప్ప. నేను వాడటానికి కారణం నిఘంటువు పిచ్చి.

2008లోనే తూముకు కూడా ఒక గుర్తు చేరింది, 0సి7ఎఫ్ దగ్గర, పాత తెలుగు భిన్నాంకాల పక్కన. పాత కరణం లెక్కల్లో ధాన్యం కొలతకు వాడిన గుర్తు. మా ముసలోళ్ళు ఇంకా తూమెడు వడ్లంటారు గానీ ఆ గుర్తు చూపిస్తే చెరువు తూమా అని అడుగుతారు.

ఇప్పుడు పట్టా కథల్లోకెల్లా పెద్దదానికి వద్దాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. 2006లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి జయధీర్ తిరుమలరావు బృందం అక్కడ గోండీ భాషలో రాసిన రాతప్రతులను చూసింది. పదీ పన్నెండు ప్రతులు. లిపి మాత్రం తెలుగు కాదు, నాగరి కాదు, పాత మరాఠీ మోడీ లిపీ కాదు. కాలం 1750 ప్రాంతమని అంచనా కట్టారు. చదవగలిగే పెద్దలు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాటిలో గోండు, పరధాన్‌ల చరిత్ర, నెలల పేర్లు, వారాల పేర్లు, పండగలు, అంకెలు ఉన్నాయని ఆ బృందం చెప్పింది. పరధాన్‌లు గోండుల చరిత్రను కీకిరి వాద్యం మీద పాడేవాళ్ళు. పాటగా బతికే జ్ఞాపకానికి రాత ఉందంటే, అదీ మన జిల్లాలోనే ఉందంటే, చాలామంది నమ్మలేకపోయారు. లిపి లేని భాషలని మనం తేలిగ్గా అనేస్తాం కదా.

2015లో అంశుమన్ పాండే ఈ లిపికి చోటు కావాలని యూనికోడ్‌కు ప్రతిపాదన రాశారు. మన దేశపు మరుగునపడ్డ లిపులు చాలావాటికి ఇలాంటి ప్రతిపాదనలు రాసిన పండితుడాయన. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0తో పని పూర్తయింది. గుంజాల గోండికి 11డి60 నుంచి 11డిఎఎఫ్ దాకా 80 గదులు, వాటిలో 63 నిండాయి. అచ్చులు పది, హల్లులు ముప్పై, గుణింతాల గుర్తులు తొమ్మిది, సున్న, విసర్గ, విరామం, ఓం, ఆపైన పది అంకెలు. అడవి ఊరి పేరు ప్రపంచ పట్టికలో శాశ్వతంగా పడింది. కరీంనగర్‌కు ఆ భాగ్యం లేదు, ఆదిలాబాద్‌కూ లేదు.

ఆ పట్టికను నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నన్ను ఆపింది హల్లుల వరస. కఖగఘ కాదు. య, వ, బ, భ, మ, క, ఖ, త, థ, ల, గ, ఘ, ద, ధ, న, ఇలా సాగుతుంది. చివర హ, ర, స. ఇది ఎవరి నోట్లో ఎందుకు ఈ క్రమంలో నిలిచిందో గానీ, గుంజాల పెద్దలు చెప్పిన వరసనే పట్టికలో ఉంచారు. తెలుగుకు దక్కని గౌరవమిది. మన అక్షరాలను నాగరి వరసలో నిలబెట్టి కొలిచారు, గుంజాల అక్షరాలను వాటి బడిలోనే కూర్చోనిచ్చారు. అచ్చుల దగ్గర మాత్రం పాత అలవాటు తొంగిచూసింది. 11డి65లో ఊ, 11డి67లో ఏ. మధ్యలో 66 ఖాళీ. మళ్ళీ 68లో ఐ, 69 ఖాళీ, 6ఎలో ఓ. ఈ లిపిలో ఎ, ఏలకు వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓలకూ లేవు. అయినా ఎవరైనా హ్రస్వాలు పట్టుకొస్తారేమోనని రెండు కుర్చీలు వేసి ఉంచారు. ఴకారం కథ తెలిసినవాళ్ళు ఆ ఖాళీలను చూసి నవ్వరు.

సింహళ లిపి ఇంకో అడుగు ముందుకు వేసింది. 1999లో యూనికోడ్ 3.0లో చేరినప్పుడు శ్రీలంకవాళ్ళు తమ అక్షరాలకు తమ బడి పేర్లే పెట్టించుకున్నారు. మన క పట్టికలో ఉత్త క. వాళ్ళది అల్పప్రాణ కయన్న. సంయక అక్షరాలని వాళ్ళకు కొన్ని ఉన్నాయి, ముక్కుతో కలిసి పలికే గ, డ, దల వంటివి. వాటికీ ఆ పేరే. ఆ సింహళానికి కూడా చంద్రబిందువు అనే ఒక్క గుర్తు చేరడానికి 2020 దాకా పట్టింది, యూనికోడ్ 13.0లో, 0డి81 దగ్గర. సంస్కృత గ్రంథాలు రాసుకోవడానికి తప్ప మామూలు సింహళంలో దాని అవసరం రాదు. దేశం, ప్రభుత్వం, కోటిన్నర మంది రాసేవాళ్ళు ఉన్న లిపికే ఒక గుర్తు కోసం ఇరవై ఏళ్ళు. ఆ లెక్కన గుంజాలకు ప్రతులు బయటపడ్డ పన్నెండేళ్ళకే లిపి మొత్తానికి చోటు రావడం వేగమే.

ఇక సాగు. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షలు. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అంతటా పరుచుకున్నారు. గుంజాల లిపి ఒక్క మూలది. మధ్యప్రదేశ్ బాలాఘాట్ జిల్లావాడైన మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో గోండీకి వేరే లిపి కూర్చాడు. దానికి 2017లోనే, అంటే గుంజాలకంటే ఏడాది ముందే, యూనికోడ్ చోటిచ్చింది. ఇవి కాక మార్లవాయి అనే గోండు ఊళ్ళో 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ బడి పెట్టినప్పుడు వేయించిన గోండీ వాచకాలు నాగరిలో ఉన్నాయి. అప్పటి ఆదిలాబాద్ అడవిలో బయటి భాష మరాఠీ, రాజభాష ఉర్దూ. తెలుగు ఇంకా అంతగా చేరుకోలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకు తల్లిభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు గోండీ, కోలామీ వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఒక భాష, నాలుగు లిపులు. ఉట్నూరు పిల్లవాడు గుంజాల లిపిలో రాసిన గోండీని గడ్చిరోలి పిల్లవాడు చదవలేడు. నోటితో మాట్లాడుకుంటే ఎంతో కొంత తెలుస్తుంది.

దీన్ని చూపి గుంజాల లిపి వేస్టు అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు. పిల్లలు ఏ లిపిలో చదవాలన్నది ఒక ప్రశ్న, తాతల ప్రతులు ఏ లిపిలో ఉన్నాయన్నది ఇంకో ప్రశ్న. ప్రతులు ఆ లిపిలో ఉన్నాయి కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకోవాలంటే ఆ సంఖ్యలు కావాలి. కోలాములకు ఈ వెసులుబాటు కూడా లేదు. వాళ్ళకు పాత రాత దొరకలేదు, కాబట్టి పట్టా అడిగే వీలే లేదు. వాళ్ళు తెలుగులోనో నాగరిలోనో కౌలుకు ఉండాల్సిందే.

చేతిలోని ఫోను ఏం చేస్తుందో కూడా చూడాలి. గుంజాల అక్షరాల సంఖ్యలు పెద్దవి, ఐదంకెలవి. తెలుగు అక్షరం ఒకటి దాచడానికి మూడు బైట్లు చాలు, గుంజాల అక్షరానికి నాలుగు కావాలి. చాలా పాత డేటాబేసుల్లో మూడు బైట్లకు మించిన అక్షరం పడితే మాట అక్కడికే తెగిపోతుంది, లేదా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. మామూలు ఎస్సెమ్మెస్‌లో తెలుగైతే 70 అక్షరాలు పడతాయి, గుంజాలైతే 35. గూగుల్ వారి నోటో కుటుంబంలో గుంజాల గోండికి ఫాంటు ఉంది, ఉచితం. అది ఫోనులో లేకపోతే తెర మీద డబ్బాలు కనపడతాయి. నేను జగిత్యాలలో ఉన్న ఒక మిత్రునికి నాలుగు గుంజాల అక్షరాలు పంపాను. "ఏందన్నా, నాలుగు పెట్టెలు పంపినవ్?" అని తిరుగు సందేశం వచ్చింది. కోడు సరిగానే చేరింది. బట్టలే లేవు.

తెలుగుకు ఈ బాధ లేదని గర్వపడేలోపు మనకూ ఒక పాఠం జరిగింది. గుంజాలకు చోటు దొరికిన ఏడాదే, 2018 ఫిబ్రవరిలో, జ్ఞా అనే అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, చివర దీర్ఘం. ఈ వరసలో వచ్చిన మాట తెర మీదికి రాగానే ఆ అప్లికేషను మూతపడేది, తెరిస్తే మళ్ళీ మూతపడేది. ప్రపంచపు పత్రికలు మొదటిసారి ఒక తెలుగు అక్షరం బొమ్మ వేశాయి, పాపం దాన్ని తాకకూడదని చెప్పడానికి. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు సవరణ పంపారు. తప్పు యూనికోడ్‌ది కాదు, అక్షరానిదీ కాదు. సంఖ్యల వరసను బొమ్మగా మార్చే చోట ఈ కలయికను ఎవరూ పరీక్షించి చూడలేదు. కోట్లమంది రాసే తెలుగులోనే, సంపన్నుల ఫోనులోనే ఇలా జరిగితే, నాలుగు ఊళ్ళవాళ్ళు రాసే గుంజాల గుణింతాలను ఎవరు పరీక్షిస్తారు? ఎవరో ఒకరు రోజూ రాస్తూ, తప్పు కనపడ్డప్పుడల్లా గొడవ చేస్తూ ఉంటేనే అది తేలుతుంది. మన వైపు జ్ఞానాన్ని గ్యానం అంటారు. ఆ నెలలో నేను కూడా అట్లే రాశాను, ఎందుకైనా మంచిదని.

ఇవన్నీ చూశాక నాకు కనపడే దారి ఒకటే. కొత్త అక్షరాలకు కొత్త సంఖ్యలు అడగడంలో మనవాళ్ళు ఆరితేరారు, అడిగినవి చాలావరకు వచ్చాయి. మిగిలింది ఊళ్ళో పని. గుంజాల లిపి ఫాంటు ఫోనుతోపాటే రావాలి, కీబోర్డు విడిగా వెతుక్కునే పని ఉండకూడదు. ఆ రాతప్రతుల పాఠం మొత్తం, బొమ్మలుగా కాదు, అక్షరాలుగా అందరికీ దొరకాలి. చదవగలిగే పెద్దల గొంతు దాని పక్కన ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో ఇరుక్కున్న ముప్పై ఏళ్ళ కరీంనగర్ రాతలను యూనికోడ్‌లోకి మార్చాలి. స్థానిక పత్రికలు, సంకలనాలు, జాతర కరపత్రాలు, విప్లవ గీతాల బుక్‌లెట్లు ఎన్నో ఫ్లాపీల్లో, సీడీల్లో మూలుగుతున్నాయి. వాటికి పట్టా కూడా లేదు, సాగు కూడా ఆగిపోయింది. ఏ ప్రతిపాదనా రాయక్కర్లేని పని ఇది, ఒక కుర్రాడు, ఒక కంప్యూటరు, రెండేళ్ళ ఓపిక చాలు.

నా పుస్తకం రెండో ముద్రణకు సిద్ధమైంది. ఈసారి యూనికోడ్‌లో, నేనే కొట్టాను. 2 అంకెలు మౌసుతో మోయలేదు, ౘకు ౘ, ౙకు ౙ పడ్డాయి. మాటలన్నీ ఎక్కించాక అకారాది క్రమంలో పెట్టమని ఒక పాత సాఫ్టువేరుకు ఇచ్చాను. అది సంఖ్యల వరస తప్ప ఇంకోటి ఎరగదు. హ అయిపోయింది, హంస అయిపోయింది, హోరు అయిపోయింది. పుస్తకం ముగిసిందనుకున్న చోట ౘలి, ౘల్ల, ౘుట్టం, ౘూరు, ౙడ, ౙాడ, ౙొన్న వరసగా, ఆలస్యంగా పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని పట్టుకుని చ, జల ఇంట్లోకి నడిపించుకొచ్చేసరికి తెల్లారింది.